దంతవైద్యమున సంఖ్యాయంత్రముల ప్రవేశము: మంగళగిరి నుండి ఒక పరిశీలనము

తెలుగు శాఖ వెలువరించు పరిశోధన సంచికలో దంతవైద్య ప్రసక్తి యేల యని చదువరులు శంకింపవచ్చును. వైద్యశాస్త్రమున మాకు ప్రవేశము లేదు. శాసనములు, పదకోశములు మా వృత్తి. అయినను ఒక వృత్తిలోనికి కొత్త పరికరము వచ్చినప్పుడెల్ల కొన్ని మాటలు వచ్చును, కొన్ని మాటలు పోవును. అదివరకు చేతితో వ్రాసి దాచుకొన్న పత్రము మరియొక రూపము తాల్చును. ఈ రెండును భాషాచరిత్రకారుడు పట్టించుకొనవలసిన విషయములే. పంటినొప్పి యెరుగని మనుష్యుడు లేడు కనుక, దానిని చెప్పుకొను మాటలు ప్రతి యింటను కలవు. ఆ మాటలకు నేటి దంతవైద్యశాలలోని కంప్యూటరులో ఎంత చోటు దొరకుచున్నదో చూడవలెనని మేమీ పరిశీలనకు పూనుకొంటిమి.

పరిశీలనకు మంగళగిరిని ఎన్నుకొనుటకు కారణము కలదు. విజయవాడకు, గుంటూరునకు నడుమనున్న ఈ యూరికి మూడు ప్రక్కలను దంతవైద్య విద్యాలయములు నెలకొన్నవి. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, గన్నవరమునకు చేరువ చినఅవుటపల్లిలో నొకటి, గుంటూరునకు చేరువ తక్కెళ్లపాడులో నొకటి కలవు. ఊరిలోనే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసినది. దానికి 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. 2019 మార్చిలో బయటి రోగులను చూచుట మొదలయ్యెను. 2024 ఫిబ్రవరి 25న అది జాతికి అంకితమయ్యెను. ఆ ప్రాంగణమున్న చోట పూర్వము క్షయరోగుల ఆరోగ్యధామ ముండెడిది. వీనికి తోడు, కొండపై పానకాల నరసింహస్వామి సన్నిధిలో మనము చూచునది తెరచిన నోటినే. శంఖముతో పోసిన బెల్లపు పానకమున సగము స్వామి స్వీకరించి సగము ప్రసాదముగా విడుచునని భక్తుల విశ్వాసము. ఇంత తీపి ప్రవహించు ఊరిలో దంతవైద్యుల సంఖ్య పెరుగుటలో వింత లేదని ఒక మిత్రుడు పరిహాసమాడెను. పరిహాసమును చరిత్రగా గ్రహింపరాదు గాని, అది గుర్తుండిపోయినది.

దంతచికిత్స మనకు పరాయి విద్య కాదు. సుశ్రుత సంహిత ముఖరోగములను అరువదియైదింటిని లెక్కించి, వానిలో చిగుళ్లకు వచ్చువానిని, దంతములకు వచ్చువానిని వేరుగా వర్గీకరించినది. ఆ సూక్ష్మత చూచిన నేటి పాఠ్యగ్రంథకర్తలును మెచ్చుకొందురు. ఇక ఇంటివైద్యము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వేపపుల్ల, ఉత్తరేణి వేరు, కచ్చిక పొడి, ఉప్పు, లవంగము ఈ ప్రాంతపు పెద్దలు నేటికిని మరువలేదు. పందుంపుల్ల యను మాట మా విద్యార్థులలో సగముమందికి తెలియకపోవుట మాత్రము మేము గమనించితిమి. వస్తువు పోయిన వెంటనే మాట పోవుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

వృత్తికి చట్టబద్ధమైన రూపము 1948 నాటి దంతవైద్యుల చట్టముతో ఏర్పడినది. అంతవరకు పట్టము లేకయే పండ్లు ఊడదీయుచు, కట్టుడు పండ్లు అమర్చుచు జీవించినవారిని ఆ చట్టము ఒక్క వ్రేటున తోసివేయక, పట్టభద్రులను ఒక భాగమునను, అనుభవము మాత్రమే గలవారిని మరియొక భాగమునను నమోదు చేయించినది. ఆ చట్టము స్థానమున నిలుచుటకై జాతీయ దంతవైద్య కమిషను చట్టమును 2023లో పార్లమెంటు ఆమోదించినది. మన రాష్ట్రమున వైద్యవిద్య యంతయు ఒక విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చుట 1986లో విజయవాడలో ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట జరిగినది.

ఇచట ఒక పూర్వవృత్తాంతమును విడువరాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి యను మువ్వురు నాటి నెల్లూరు జిల్లాలోని ఎముకల వ్యాధిని గూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. పొదిలి, దర్శి, కనిగిరి సీమలలోని బావుల నీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుటయే ఆ వ్యాధికి మూలమని తేల్చిన ఆ వ్యాసము భారతదేశమున ఈ విషయమునకు తొలిమెట్టు. ఆ నీటి గురుతు ముందుగా కనబడునది పంటిమీదనే. బాల్యమున పన్ను లోలోపల రూపొందు కాలమున త్రాగిన నీరు దాని పింగాణి పొరలో మచ్చయై నిలుచును. ఆ పొర మరల పుట్టదు. కనుక ఆ మచ్చ జీవితాంతము చెరగదు. ఏబదియేండ్ల మనుష్యుని పంటిని చూచి ఆతడు అయిదవయేట ఏ నీరు త్రాగెనో ఊహింపవచ్చునన్నమాట. శాసనములు చదువువారికి ఇది చిరపరిచితమైన పద్ధతి. పన్నును గూడ చదువవచ్చునని తెలిసిన తరువాత, చదివినదానిని ఎట్లు వ్రాసి దాచవలె నన్న ప్రశ్న తప్పక వచ్చును.

దాచుటకు తొలి సాధనము ఎక్స్‌రే. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఆ కిరణములను కనుగొనెను. మూడు మాసములైన గడువకముందే, 1896 జనవరిలో, జర్మనీలో ఓటో వాల్కాఫ్ అను దంతవైద్యుడు తన నోటిలోనే ఛాయాఫలకము నుంచుకొని ఇరువదియైదు నిమిషములు కదలక పరుండి తన పండ్ల నీడను పట్టించెను. అదే యేట అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్టణమున ఎడ్మండ్ కెల్స్ రోగులకు ఈ పరీక్ష చేయ నారంభించెను. ఫలకమును తన చేతితోనే పట్టుకొనుట ఆయన అలవాటు. ఆ కిరణములకు వ్రేళ్లు పోయెను, తరువాత చేయి పోయెను. 1928లో ఆయన మరణించెను. నేడు రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి వైద్యుడు గోడ చాటునకు పోయి మీట నొక్కుట చూచి నవ్వుకొనువారు కెల్స్ కథ నెరిగిన నవ్వరు. మన దేశమున ఇట్టి యంత్రముల పర్యవేక్షణకు అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినది. నోటి ఎక్స్‌రే పెట్టె ఎంత చిన్నదైనను దాని యెల్లలలోనిదే.

తరువాతి తొంబదియేండ్లు ఫిల్ము రాజ్యమేలెను. మేము బాలురమై యుండగా విజయవాడలో ఒక దంతవైద్యుని యొద్ద చూచినది మాకింకను జ్ఞాపకము. తపాలాబిళ్లకంటె కొంచెము పెద్దదైన ఫిల్మును చీకటిగదిలో రసాయనమున ముంచి, కడిగి, చిమ్మటవంటి కొక్కెమునకు తగిలించి, నీరు కారుచుండగనే వెలుతురున కెత్తి చూచెడివారు. విద్యుత్తు పోయిన ఆట కట్టు. రసాయనము పాతబడిన బొమ్మ మసకబారును. వైద్యుడు 'రేపు రండి' యనును. ఆ 'రేపు' పట్టణవాసికి పెద్ద విషయము కాదు. మగ్గము దిగి వచ్చిన నేతగానికి అది ఒకనాటి కూలి.

ఈ రాజ్యమునకు ప్రతిపక్షము ప్రయోగశాలలో గాక ఒక విద్యార్థి సిద్ధాంత గ్రంథమున పుట్టుట మా బోటివారికి ఉత్సాహము గొల్పు విషయము. ఫ్రాన్సుదేశపు ఫ్రాంస్వా ద్యురే 1973లో లియాన్ నగరమున సమర్పించిన గ్రంథమునకు 'వెలుగుతో అచ్చు' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. అంతవరకు పంటి అచ్చు తీయవలెనన్న నోటిలో ముద్దను పెట్టి గట్టిపడువరకు ఆగి ఊడదీయుటయే పద్ధతి. ద్యురే దానికి బదులు కాంతి కిరణములతో పంటిని కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, ఆ యంకెలను బట్టి యంత్రము తొడుగును చెక్కవచ్చునని వాదించెను. నాటి కంప్యూటరులు ఒక గదిని నింపునవి. ఆ గ్రంథము నెవరును పట్టించుకొనలేదనుట అతిశయోక్తి కాదు. పండ్రెండేండ్లకు, 1985లో, పారిస్ దంతవైద్య మహాసభలో సభికుల యెదుట ఆయన తన భార్య పంటికే ఆ పద్ధతిని తొడుగు చేసి చూపెను. అదే యేడు సెప్టెంబరులో స్విట్జర్లండులోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయమున మోర్మన్ అను దంతవైద్యుడు, బ్రాండెస్తీని అను ఇంజనీరు కలిసి రూపొందించిన యంత్రముతో ఒక రోగి పంటిగుంటను పింగాణి తునకతో పూడ్చిరి. పింగాణి రోగి యెదుటనే చెక్కబడెను. సిద్ధాంతము ఫ్రాన్సులో పుట్టినను, వైద్యశాలలలో ముందుగా వ్యాపించినది ఈ రెండవ యంత్రమే. అది ఒక్క గుంటను పూడ్చుట యను చిన్న పనిని లక్ష్యముగా పెట్టుకొన్నది. ద్యురే వలె సమస్తమును ఒకేసారి మార్చబూనలేదు. వ్యాప్తికి అదియే కారణమని మా తలంపు.

ఫిల్మునకు బదులు వచ్చినదియు ఫ్రాన్సునుండియే. ఫ్రాన్సిస్ మూయాఁ కనిపెట్టిన రేడియోవిజియోగ్రఫీ 1987 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. మన దంతవైద్యులు దీనిని 'ఆర్‌.వి.జి.' యందురు. ఇందు ఫిల్మునకు బదులు నోటిలో ఒక చిన్న బిళ్ల యుండును. ఎక్స్‌రే దాని పైపొరను తాకి వెలుగగును. ఆ వెలుగును క్రింది పొర విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు గడిగడికి కొలువబడి అంకె యగును. 'డిజిటల్' అనగా ఇంతియే. మంగళగిరివారికి దీనిని వివరించుట సులభము. నేతలో బుటా వేయుటకు ముందు దానిని గళ్ల కాగితముపై గీయుదురు, ఏ గడి నిండవలెనో ఏ గడి ఖాళీగా నుండవలెనో తేల్చుదురు. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జకార్డు ఆ గళ్లనే అట్టమీది రంధ్రములుగా మార్చి మగ్గమునకు తగిలించెను. పంటి బొమ్మయు అట్టి గళ్ల కాగితమే. గళ్లు మిక్కిలి చిన్నవి, ప్రతి గడికి నలుపు తెలుపుల నడుమ అనేక ఛాయలు, అంతే భేదము. పిమ్మట 1990 దశకము చివర ఇటలీలోని వెరోనా నగరమున మోజ్జో, తాక్కోనీ మొదలైనవారు శంకువు ఆకారపు కిరణముతో దవడ నంతటిని మూడు కొలతలలో చూపు యంత్రమును తెచ్చిరి. దాని వివరములలోనికి మేము పోము.

కృష్ణా డెల్టాకు ఇవి వచ్చిన తీరును గూర్చి లిఖితాధారములు చాల తక్కువ. మేము వైద్యులతోను, కట్టుడు పండ్ల పనివారితోను మాటలాడి గ్రహించినది చెప్పెదము. మొదట వచ్చినది ఆర్‌.వి.జి.యే. దానికి కారణము కొత్తదనముపై మోజని పలువురందురు. మేము ఒప్పుకొనము. అసలు కారణము చీకటిగది. అద్దెగదిలో వైద్యశాల పెట్టుకొన్న యువవైద్యునికి చీకటిగది ఒక స్థలము, రసాయనములు ఒక ఖర్చు, వానిని పారబోయుట ఒక చిక్కు. బిళ్లతో ఈ మూడును తొలగెను. వేరుచికిత్సలో ఒకే కూర్చున్నప్పుడు మూడు నాలుగు బొమ్మలు తీయవలసి వచ్చును. బొమ్మ కొన్ని క్షణములలో తెరపైకి రాగా రోగికి 'రేపు' అన్న మాట తప్పెను, కిరణముల మోతాదును తగ్గెను. ఒక చిక్కు మాత్రము మిగిలినది: బిళ్ల ఫిల్మువలె వంగదు. చిన్న నోరు గలవారికి, పిల్లలకు అది గ్రుచ్చుకొనును.

అచ్చుల సంగతి వేరు కథ. ఆల్జినేటు అను ముద్దతో తీసిన అచ్చునుండి తేమ పోయినకొలది అది కుంచించుకొనిపోవును. కుంచించిన అచ్చుపై చేసిన పన్ను నోటిలో కుదురదు. విజయవాడ యెండలు లోకప్రసిద్ధములు. చిన్న యూళ్ల వైద్యులు తడిగుడ్డలో అచ్చును చుట్టి, డబ్బాలో పెట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చి పట్టణమున నున్న పనివారికి పంపెడివారట. బస్సు ఆలస్యమైన పన్ను చెడును. వెలుగుతో తీసిన అచ్చు ఎండకు కుంచించదు, బస్సెక్కదు. అయినను కెమెరా ధర కారణముగా అది ఇంకను పెద్ద వైద్యశాలలను, కళాశాలలను దాటి అంతగా రాలేదు. తమాషా యేమనగా, వైద్యునికంటె ముందు పనివాడు మారినాడు. నేడు కొందరు పనివారు బస్సులో వచ్చిన పాత అచ్చునే తమ యంత్రముతో కొలిచి అంకెలుగా మార్చి తొడుగును చెక్కించుచున్నారు. రెండు యుగములు ఒకే బల్లపై నున్నవి. సాంకేతిక చరిత్రలలో పాతది పోయి కొత్తది వచ్చె నని వ్రాయుదురు గాని, బల్లదగ్గర చూచిన పాతదాని వీపుమీదనే కొత్తది కూర్చుండి యుండును.

ఇక పత్రముల మాట. 2019 నవంబరులో ఇ-సంజీవని యను దూరవైద్య సేవను, 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషనును కేంద్రప్రభుత్వ మారంభించినది. ఈ రెండవదాని క్రింద పౌరునికి పదునాలుగు అంకెల ఆరోగ్యసంఖ్య యిత్తురు. రోగి యే యూరికి పోయినను పత్రము వెంట పోవలె నన్నది ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. మా అనుభవమొకటి విన్నవింతుము. కొన్ని యేండ్లక్రిందట ఒక వైద్యశాలలో మా దవడపంటికి చికిత్స జరిగెను. బొమ్మలన్నియు కంప్యూటరులో భద్రముగా నున్నవని చెప్పిరి. మరల నొప్పి వచ్చి పోగా, కంప్యూటరు మార్చితిమి, పాతవి రాలేదనిరి. కొత్త బొమ్మ తీసిరి. పాతదానితో పోల్చి చూచు వీలు లేకపోయెను, వేరు దగ్గరి నీడ పెరిగినదో తరిగినదో తేలలేదు. పన్ను తీసివేయవలసి వచ్చెను. మా తండ్రిగారి పంటి ఫిల్ము మాత్రము కాగితపు సంచిలో నేటికిని ఇంట నున్నది. ఎండ కెత్తిన వేరు స్పష్టముగా కనబడును.

మంగళగిరిలో 1515 నాటి కొండవీటి విజయమును పేర్కొను శాసనస్తంభము కలదు. అయిదువందల యేండ్లైనను చదువువానికి అక్షరము దొరకుచున్నది. 2002 నాటి వైద్యవృత్తి నియమములు అంతర్రోగుల పత్రములను మూడేండ్లు దాచిన చాలునన్నవి. రాతితో పత్రమును పోల్చుట న్యాయము కాదని మాకు తెలియును. కాని సంఖ్యారూపమున దాచినది తనంతట తాను నిలువదు. పదేండ్లకొకసారి ఎవరో ఒకరు దానిని కొత్త పెట్టెలోనికి మార్చవలెను. తాళపత్రములకు తిరిగి ప్రతులు వ్రాయించిన సంప్రదాయము మనకు కలదు. తిరిగి వ్రాయించుట యెవరి బాధ్యత, దాని ఖర్చెవరిది అను ప్రశ్నకు చిన్న వైద్యశాలలలో మాకు సమాధానము దొరకలేదు.

మాటల సంగతికి వత్తము. ఒకనాడు మంగళగిరిలో ఒక దంతవైద్యశాలలో కూర్చుండగా, ఒక నేతపని వృద్ధురాలు లోనికి వచ్చి చెప్పిన మాటలను మేము అప్పుడే వ్రాసికొంటిమి. "చల్లనీళ్లు తాగితే జివ్వుమంటది బాబూ. పగలు సలుపు. రాత్రి పడుకుంటే పోటు, చెవిదాకా లాగుద్ది." ఎదుట కూర్చున్న సహాయకురాలు తెరపైని పట్టికలో ఇంగ్లీషున 'నొప్పి' అను నొక్క మాటకెదురుగా గుర్తు పెట్టెను. ఆ పట్టికలో అంతకు మించి గడి లేదు. ఆమె తప్పేమియు లేదు.

ఆ ముసలమ్మ చెప్పినవి నాలుగు వేరు సంగతులు. వైద్యమిత్రులు మాకు వివరించిన మేరకు, చల్లదనము తగిలినప్పుడు మాత్రము క్షణకాలము జివ్వుమని తగ్గునది పంటిలోని సజీవ భాగము ఇంకను కోలుకొనదగిన స్థితిని సూచింపవచ్చును. అట్టిది పూడ్చినంత మాత్రమున బాగుపడవచ్చును. కారణము లేకయే రాత్రివేళ పరుండగనే వచ్చు పోటు, లోపలి భాగము తిరిగి బాగుపడరాని స్థితికి చేరెనని చెప్పును. దానికి వేరుచికిత్సయో, పన్ను తీయుటయో గతి. జివ్వునకు, పోటునకు గల యంతరము కొన్ని వందల రూపాయలకును కొన్ని వేల రూపాయలకును గల యంతరము. ఒక్కొక్కప్పుడు పన్ను ఉండుటకును పోవుటకును గల యంతరము. ఎక్స్‌రే బొమ్మ గుంట లోతును చూపును గాని ఈ భేదమును చూపలేదు. దానిని రోగి నోటి మాటయే చెప్పవలెను. వైద్యుడు తరువాత అడిగి తెలిసికొనునందురు. తెలుగు వచ్చిన వైద్యుడు, తీరిక యున్న దినమున, తప్పక తెలిసికొనును. దూరవైద్యమున పత్రమును మాత్రమే చూచి సలహా యిచ్చువాడు ఎట్లు తెలిసికొనును?

ఇట్టి పనికి మనకు మార్గదర్శకము లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తి పదకోశము వెలువడెను. 1971లో చేనేత సంపుటము వచ్చెను. రైతు, నేతగాడు తమ పనిముట్లను పిలుచు పేర్లను ఊరూర తిరిగి వ్రాసికొన్న పని అది. వృత్తిపదములకు జరిగిన సేకరణ బాధాపదములకును జరుగవలెనని మేము మా విద్యార్థులకు చెప్పి, తొలి సేకరణ ఆరంభించితిమి. పట్టికలో 'నొప్పి' గడి క్రింద జివ్వు, సలుపు, పోటు, లాగు అను నాలుగు గడులు చేర్చుటకు యంత్రమునకు కష్టమేమియు లేదని కంప్యూటరు తెలిసినవారు మాతో చెప్పిరి. అడుగువాడు లేకయే అవి చేరలేదు.

సేకరణలో చిక్కులు లేకపోలేదు. 'జివ్వు'నకు కొందరు 'జిల్లు' అందురు, కొందరు 'జుమ్ము' అందురు. ఒకే అనుభవమునకు మూడు పేర్లో, మూడు అనుభవములో నిర్ణయింపలేకున్నాము. 'పండ్లు పులియుట' మరింత చిక్కు. చింతకాయ తిన్నప్పుడు కలుగు తాత్కాలికమైన జంకునే కొందరు ఆ మాటతో చెప్పుదురు. మరికొందరు పండ్లు అరిగి నిత్యమును ఉండు జంకును గూడ అట్లే యందురు. మొదటిదానికి వైద్యమక్కరలేదు, రెండవదానికి కావలెను. వక్త నోట ఆ భేదము స్వరముననో, పక్కమాటననో వినబడుచున్నది గాని వ్రాతలో చిక్కుట లేదు. కృష్ణకు ఈవలి గట్టున ఏ యూళ్లలో ఏ యర్థము చెల్లునో, ఆవలి గట్టున ఏది చెల్లునో, ఆ హద్దులు ఇంకను గీయవలసి యున్నవి.